నార్దర్ దిగిన సాయంత్రాలు, పెద్దాయన చిల్లీ

పోయిన వారం తెల్లవారుజామున ప్లానో నుంచి, అంటే అమెరికాలో డాలస్ పక్కనున్న ఊరి నుంచి, ఫోన్ వచ్చింది. మా పాత ఇంటి పక్కింటి పెద్దాయన కూతురు. "నాన్న పోయారు" అంది. తొంభైకి దగ్గరపడిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారట. కాసేపు ఆయన గురించి మాట్లాడుకున్నాం. పెట్టేసే ముందు ఆవిడ కాస్త మొహమాటపడుతూ అడిగింది. "నాన్న చేసే చిల్లీ నీకు వచ్చు కదా. మా ఇంట్లో ఎవరి దగ్గరా రాసిపెట్టి లేదు. కొంచెం రాసి పంపుతావా?"

రాసి పంపాను. అరపేజీ కూడా రాలేదు. ఆ అరపేజీలో పట్టనిదంతా వారం రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ రాత.

అమెరికా వెళ్ళని వాళ్ళ కోసం ముందుగా ఒక మాట. చిల్లీ టెక్సస్ వాళ్ళ చలికాలపు వంట. ఎండుమిరపకాయల గుజ్జులో మాంసం ముక్కలు వేసి, జీలకర్ర, వెల్లుల్లి పట్టించి, గంటల తరబడి సన్నసెగన ఉడికిస్తారు. 1977లో ఆ రాష్ట్ర శాసనసభ దీన్నే తమ అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. అంత అభిమానం వాళ్ళకి. హోటళ్ళలో దొరుకుతుంది, డబ్బాల్లోనూ దొరుకుతుంది. నేను చెప్పేది వాటి సంగతి కాదు. ఇంట్లో, పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకి దించే చిల్లీ సంగతి.

గాలి తిరిగిన రోజు

డాలస్ చుట్టుపక్కల చలి మెల్లమెల్లగా రాదు. పొద్దున పొట్టిచేతుల చొక్కాతో బడికి వెళ్ళిన పిల్లలు మధ్యాహ్నం వణుక్కుంటూ వస్తారు. ఉత్తరాన ఆకాశం అంచున ముదురు నీలం గీత కనబడుతుంది, గాలి ఒక్క క్షణం పూర్తిగా ఆగిపోతుంది, తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. దాన్ని అక్కడి వాళ్ళు బ్లూ నార్దర్ అంటారు. రాకీ పర్వతాలకి తూర్పున కెనడా దాకా అంతా మైదానమే. ఆర్కిటిక్ నుంచి దిగే చల్లగాలికి అడ్డుపడే కొండ ఒక్కటీ లేదు. టెక్సస్‌కి ఎగువనున్న ఓక్లహోమా సిటీలో 1911 నవంబర్ 11న పగలు 83 డిగ్రీల ఫారన్‌హీట్ (మన లెక్కలో 28) ఎండ కాసి, అర్ధరాత్రి లోపే 17కి (మన లెక్కలో మైనస్ 8) పడిపోయిందట. నమ్మబుద్ధి కాలేదు కానీ, అక్కడ కొన్ని చలికాలాలు గడిపాక నమ్మాను.

ఆ రోజుల శబ్దాలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. పెరటి కంచె చెక్కలు కటకటా కొట్టుకునేవి. పీకన్ చెట్టు మీంచి కాయలు కప్పు మీద టపటపా రాలేవి. సాయంత్రం ఆ ఏడాదికి మొదటిసారి హీటర్ వేస్తే, లోపల పేరుకున్న దుమ్ము కాలిన వాసన ఇల్లంతా పట్టేది. ఆ వాసన వచ్చిందంటే చలికాలం వచ్చినట్టే లెక్క మాకు.

పెద్దాయనకి రేడియోలో వాతావరణం వినడం అలవాటు. నార్దర్ వస్తోందని చెప్పగానే గరాజ్‌లోంచి డచ్ అవెన్ అనే బరువైన ఇనప మూతకుండ తెచ్చి పొయ్యి మీద పెట్టేవారు. కంచె మీంచి తొంగిచూసి, "ఇవాళ రాత్రికి చలి దిగుతోంది. మీ ఆయన్నీ పిల్లల్నీ తీసుకురా, గిన్నెలు మాత్రం మీవి తెచ్చుకోండి" అనేవారు. గిన్నెలు మావి ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్నవి ఆయనకీ భార్యకీ సరిపోయేటన్నే. కూతురు దూరంగా ఉండేది అప్పట్లో.

మిరపకాయలు పెనం మీద పడితే

మొదటిసారి పిలిచినప్పుడు మావారు తటపటాయిస్తూ చెప్పారు, మేం గొడ్డుమాంసం తినమని. ఆయన ఎందుకని ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. గరాజ్‌లోని ఫ్రీజర్ తెరిచి, తెల్ల కాగితంలో చుట్టిన పొట్లం చూపించారు. జింక మాంసం. ప్రతి ఏడూ నవంబర్‌లో హిల్ కంట్రీకి, అంటే నడి టెక్సస్‌లోని కొండప్రాంతానికి, వేటకి వెళ్ళడం ఆయనకి రివాజు. "లిండన్ జాన్సన్ కూడా చిల్లీకి జింక మాంసమే బాగుంటుందనేవాడు" అన్నారు గర్వంగా. జాన్సన్ అమెరికా ప్రెసిడెంటుగా ఉన్న రోజుల్లో ఆయన ఇంటి చిల్లీ ఎలా చేస్తారో చెప్పమని ఉత్తరాలు వచ్చిపడుతుంటే, భార్య లేడీ బర్డ్ ఆ విధానాన్ని కార్డుల మీద అచ్చువేయించి పంపించేవారు. వాళ్ళ పొలం పక్కన పారే పెడర్నాలెస్ నది పేరు పెట్టారు దానికి.

నేను ఆ వంటింట్లో నిలబడి చూసింది ముందు మిరపకాయల్ని. మన వైపు మిరపకాయలు చూసి పెరిగిన కళ్ళకి అవి వేరే జాతివి అనిపించాయి. యాంచో వెడల్పుగా, ముడతలు పడి, నలుపు కలిసిన ఎరుపులో ఉంటుంది. పోబ్లానో అనే పచ్చిమిరపకాయ పండి ఎండితే అదే యాంచో. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుద్రాక్ష వాసన. గ్వహీయో పొడుగ్గా, నున్నగా మెరుస్తుంది, రంగంతా దానిదే. కారం కోసం సన్నటి ఆర్బోల్ రెండో మూడో.

పెద్దాయన ఒక్కో కాయనీ తడిగుడ్డతో తుడిచి, తొడిమ తుంచి, పక్కన చీల్చి, గింజలు దులిపేవారు. తర్వాత వేడెక్కిన ఇనప పెనం మీద పరిచి, అట్లకాడతో గట్టిగా నొక్కేవారు. చిటపటలాడుతూ కాయ రంగు కాస్త తేలేది, అక్కడక్కడ బొబ్బలు లేచేవి. అంతే, వెంటనే తిప్పడం, వెంటనే తీసెయ్యడం. నాలుగైదు క్షణాలు ఎక్కువైనా చేదెక్కుతుంది, ఆ చేదు కుండలో చేరితే ఇక పోదు. ఆ కొద్ది క్షణాలూ ఆయన ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. అడిగినదానికి జవాబు కూడా కాయ పెనం దిగాకే.

వేయించిన కాయల్ని వేణ్ణీళ్ళలో వేసి, పైకి తేలకుండా మీద ఒక పళ్ళెం బోర్లించేవారు. అరగంట నానాక ఆ నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేవారు. చేదుగా లేకపోతే గుజ్జు రుబ్బడానికి ఆ నీళ్ళే. చేదుంటే పారబోసి మామూలు నీళ్ళు. మిక్సీలో మెత్తగా తిప్పి జల్లెడలో వత్తితే తొక్కు పైన మిగిలి, కింద చిక్కటి గుజ్జు దిగేది.

మాంసం కీమా కొట్టించేవారు కాదు. బొటనవేలి గోరంత ముక్కలు, అన్నీ చేత్తో కోసినవే. కొద్దికొద్దిగా వేసి ఎర్రగా వేయించి తీసి, అదే కొవ్వులో ఉల్లిపాయ, వెల్లుల్లి, ఆ తర్వాత మిరప గుజ్జు. గుజ్జు పడగానే పొయ్యి చుట్టూ చిందేది. ఒక చేత్తో మూత డాలుగా పట్టుకుని, రెండో చేత్తో కలుపుతూ ఉండేవారు. పచ్చివాసన పోయి, ఇటుక రంగు తిరిగి, నూనె పైకి తేలేదాకా. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది. నూనె తేలేదాకా వేయించడం నాకు మా అమ్మ నేర్పిన పనే. ఆ తర్వాత దోరగా వేయించిన జీలకర్ర రాతి రోట్లో దంచడం మొదలుపెట్టారు. ఆ వాసనకి నేనే చెయ్యి చాపి రోకలి అందుకున్నాను. అప్పటినుంచి జీలకర్ర దంచే పని నాది.

ఇక నీళ్ళు పోసి, మంట బాగా తగ్గించి, వదిలెయ్యడమే. రెండున్నర గంటలు, మూడు గంటలు, ముక్కని బట్టి. జింక భుజం మాంసంలో నారలు ఎక్కువ. సన్నసెగ మీద అవి నెమ్మదిగా కరిగి పులుసులో కలిసి, పులుసుకి పెదాలకంటుకునే చిక్కదనం ఇస్తాయి. పెద్ద మంట పెట్టి తొందరపడితే ముక్క గట్టిపడి ఊరుకుంటుంది. దించేముందు మాసా అని ఒక పిండి రెండు చెంచాలు నీళ్ళలో కలిపి పోసేవారు. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి చేసిన పిండి అది. ఆ వాసనే వేరు, మామూలు మొక్కజొన్న పిండికి రాదు.

అందరూ ఒకే వేళకి

ఆ రోజుల్లో మా ఇంట్లో నలుగురం నాలుగు వేళల్లో తినేవాళ్ళం. మావారికి రాత్రి ఇండియా టీమ్‌తో కాల్స్. నాది ఒక వారం పొద్దుటి షిఫ్ట్, ఒక వారం సాయంత్రం షిఫ్ట్. అమ్మాయికి ఆర్కెస్ట్రా, అబ్బాయికి ఫుట్‌బాల్ ప్రాక్టీస్. ఎవరికి వాళ్ళు మూత తీసి, వడ్డించుకుని, వేడిచేసుకుని తినెయ్యడం. రాత్రి పడుకోబోయే దాకా మైక్రోవేవ్ బీప్ వినబడుతూనే ఉండేది. నాకది లోపల ఎంతో గుచ్చుకునేది. చెప్పుకోవడానికి కూడా ఏముంది, ఎవరి తప్పూ కాదు.

చిల్లీ రోజు అలా కుదరదు. అది ఆరింటికి ముందు సిద్ధమవ్వదు. సిద్ధమయ్యాక వాసన ఎవర్నీ గదిలో కూర్చోనివ్వదు. అందుకే పెద్దాయన దగ్గర నేర్చుకున్నాక మా ఇంట్లోనూ మొదలుపెట్టాను, ఎక్కువగా మేకమాంసంతో, ఒక్కోసారి టర్కీ కోడితో. శనివారం పొద్దున కాయలు వేయించానంటే ఆ సాయంత్రం ఎవరూ ఏ పనీ పెట్టుకోకూడదని నియమం. ఎవరూ రాసిపెట్టలేదు, దానంతటదే స్థిరపడిపోయింది.

అమ్మాయి ఉల్లిపాయ సన్నగా తరిగేది. అబ్బాయి చీజ్ తురిమేవాడు, తురిమినదాంట్లో సగం వాడి నోట్లోకే. నేను కార్న్‌బ్రెడ్‌కి, అంటే మొక్కజొన్న రొట్టెకి, పిండి కలిపేదాన్ని. ఇనప మూకుడు ముందే అవెన్‌లో కాల్చి, అందులో వెన్న వేసి, సుయ్యిమంటుండగా పిండి పొయ్యాలి. అప్పుడే అంచు కరకరలాడుతుంది. మావారు మాత్రం కార్న్‌బ్రెడ్ పక్కనపెట్టి వేడన్నంలో కలుపుకునేవారు. అది చూసి పెద్దాయన ఒకరోజు తనకీ రెండు ముద్దల అన్నం పెట్టమన్నారు. తిని, ఏమీ అనకుండా మళ్ళీ గిన్నె చాపారు. ఆ తర్వాత ఆయన ఇంట్లో చిల్లీ అయితే మా ఇంటి నుంచి అన్నం వెళ్ళేది.

అప్పుడు మాట్లాడుకున్న మాటలు చాలావరకు గుర్తులేవు. బడి సంగతులు, ఎవరో టీచరు, ఎక్కడో కారు ఆగిపోవడం. పిల్లలు రెండోసారి పెట్టించుకోవడం మాత్రం గుర్తుంది. బయట గాలి హోరు, కిటికీ అద్దాల లోపలివైపు పట్టిన ఆవిరి, దాని మీద అబ్బాయి వేలితో రాసిన ఫుట్‌బాల్ స్కోర్లు.

కార్తీకంలో ఇంకో కుండ

మా అత్తయ్యగారు వచ్చిన ఏడాది నార్దర్ కార్తీకమాసంలో దిగింది. ఆవిడ గుంటూరు దగ్గర పల్లెటూరు మనిషి, మిరప తోటల్లో పెరిగింది. నెలంతా మాంసం ముట్టరు. పెద్దాయన పిలుపు వచ్చినప్పుడు, "మీరు వెళ్ళిరండి అమ్మాయ్, నాకు ఇంత పెరుగన్నం చాలు" అన్నారు. నేను పెద్దాయనకి విషయం చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ కాసేపు నిలబడ్డారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టెక్సస్‌లో చిల్లీలో బీన్స్, అంటే రాజ్మాలాంటి గింజలు, వెయ్యడం అంటే చిన్న విషయం కాదు. మెక్సికో సరిహద్దు దగ్గర టెర్లింగ్వా అనే ఎడారి ఊళ్ళో 1967 నుంచి చిల్లీ పోటీలు జరుగుతున్నాయి. నవంబర్ మొదటి శనివారం వస్తే ఎక్కడెక్కడి వాళ్ళూ అక్కడే. పోటీ కుండలో బీన్స్ గింజ కనబడకూడదని నిబంధన. పెద్దాయనది అంతకన్నా పట్టింపు. బీన్స్ వేసినదాన్ని చిల్లీ అనకూడదనే మనిషి ఆయన.

అలాంటాయన మర్నాడు పొద్దున్నే మా తలుపు తట్టారు. చేతిలో రాత్రంతా నానబెట్టిన రాజ్మా, పింటో బీన్స్. వెనకే భార్య, చేతిలో కొత్త కుండ. "మాంసం కుండలో గరిటె దీంట్లో పెట్టను. మీ అత్తగారికి చెప్పు" అన్నారు. వండటం కూడా మా వంటింట్లోనే, ఆవిడ కళ్ళెదుటే.

నేను షిఫ్ట్‌కి వెళ్ళకుండా ఉండిపోయాను ఆ రోజు. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అత్తయ్యగారు యాంచో కాయ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, "కారం లేని మిరపకాయని పండించడం దేనికి?" అన్నారు. నేను తర్జుమా చేస్తే ఆయన పగలబడి నవ్వారు. అత్తయ్యగారు లేచి వెళ్ళి తన పెట్టెలోంచి ఎండుమిరపకాయల మూట తెచ్చి రెండు కాయలు ఇచ్చారు. ఆయన కొస కొరికి, ఆగి, కళ్ళు తుడుచుకుని, ఆర్బోల్ కాయల్ని పక్కకి నెట్టి వీటిని గిన్నెలో వేశారు. ఆ తర్వాత ఆయన వంటింటి కిటికీ దగ్గర ఒక సీసా ఎప్పుడూ గుంటూరు కాయలతో నిండి ఉండేది. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఆ సీసాకి సరిపడా తెప్పించేదాన్ని.

రాజ్మాని మొదట పది నిమిషాలు కుతకుత పెద్ద మంట మీద ఉడికించారు. అది ఎందుకో నాకు అప్పుడే చెప్పారు. పచ్చి రాజ్మాలో కడుపుని అతలాకుతలం చేసే విషపదార్థం ఒకటి ఉంటుంది. గట్టిగా మరిగితేనే అది విరిగిపోతుంది. నానబెట్టి, ఉడికించకుండా నేరుగా స్లో కుకర్‌లో పడేస్తే ఆ వేడి చాలదు. ఇప్పుడు చాలామంది స్లో కుకర్‌లు కొంటున్నారు కాబట్టి ఇది ఒకటికి రెండుసార్లు చెబుతున్నాను.

గింజలు సగం ఉడికాయో లేదో ఆయన టమాటా డబ్బా తెరిచారు. అత్తయ్యగారు గబుక్కున లేచి చెయ్యి అడ్డం పెట్టారు. "గింజ మెత్తబడకుండా పులుపు వేస్తే ఇక ఉడకదు. పప్పులో చింతపండు ముందే వేస్తామా?" నేను చెప్పబోయేలోగానే ఆయన డబ్బా కింద పెట్టి, ఆవిడకేసి చూసి తల ఊపారు. గింజ వేళ్ళ మధ్య నలిపి చూసుకుని, మెత్తగా నలిగాక, డబ్బాని ఆవిడ చేతికే ఇచ్చారు, మీరే పోయండి అన్నట్టు.

ఆ సాయంత్రం అత్తయ్యగారు తులసి దగ్గర దీపం పెట్టొచ్చి, గిన్నెలో కొంచెం వేసుకుని అన్నంలో కలుపుకున్నారు. "బాగుంది, కాస్త ఇంగువ పడుంటే ఇంకా బాగుండేది" అన్నారు. పెద్దాయన తనూ ఆ కుండలోంచే తిన్నారు. మాంసం కుండ ముట్టలేదు ఆ పూట.

మిరపకాయ మూలాలు అమెరికా ఖండాలవే, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దగ్గరికి వచ్చిందని అమ్మాయి బడిలో నేర్చుకుని వచ్చి నానమ్మకి చెప్పింది. అత్తయ్యగారు ఎంతకీ ఒప్పుకోలేదు.

పెద్దాయన చెప్పిన పాత కథలు

ఆయన పుట్టింది శాన్ ఆంటోనియోలో. ఉడుకుతున్న కుండ పక్కన కుర్చీ వేసుకుని వాళ్ళ నాన్న చెప్పిన సంగతులు చెప్పేవారు. పొద్దుగూకే వేళకి ఊరి చౌకుల్లోకి మెక్సికన్ ఆడవాళ్ళు కుండలతో వచ్చేవాళ్ళట. మెస్కీట్ కట్టెల మంటలు, పొడవాటి బల్లలు, రంగు లాంతర్లు, గిటార్లు. చిల్లీ క్వీన్స్ అనేవాళ్ళు వాళ్ళని. కూలీలూ, సైనికులూ, షికారుకొచ్చిన ధనవంతులూ అందరూ ఆ బల్లల దగ్గరే కూర్చుని తినేవాళ్ళు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో పేరుతో చిల్లీ స్టాల్ పెట్టాక ఆ రుచి దేశమంతా తెలిసింది. 1930ల చివర్లో ఊరి ఆరోగ్య శాఖ నిబంధనలు బిగించడంతో ఆ చౌకులు చల్లబడిపోయాయి. వాళ్ళ నాన్నకి ఆ దిగులు చివరిదాకా ఉండేదట.

న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు 1890లలో ఎండుమిరపని పొడి చేసి సీసాల్లో అమ్మడం మొదలుపెట్టాడని కూడా చెప్పేవారు. మిరప పంట కొద్దినెలలే దొరికే ఆ రోజుల్లో ఏడాదంతా చిల్లీ వండుకోవడానికి దారి చూపింది ఆ పొడే. పెద్దాయన మాత్రం పొడి వాడరు. నేనూ వాడను. పొడితో పని తేలికే, కానీ పెనం మీద కాయ వేగిన ఆ వాసన రాదు. అది లేకపోతే నాకు వండినట్టే ఉండదు.

శుక్రవారం రాత్రుళ్ళు బడి ఫుట్‌బాల్ మ్యాచ్‌ల దగ్గర ఇంకో రకం తినేవాళ్ళం. ఫ్రీటోస్ చిప్స్ ప్యాకెట్ పక్కన చీల్చి, అందులోనే గరిటెడు వేడి చిల్లీ, పైన ఉల్లిపాయ, చీజ్. ఫ్రీటో పై అంటారు. చల్లటి ఇనప బెంచీ మీద, చేతికి గ్లోవ్స్‌తో, ప్లాస్టిక్ చెంచాతో. అబ్బాయి గెలిచినా ఓడినా మాకు అది ఖాయం.

కరెంటు పోయిన వారం

2021 ఫిబ్రవరి టెక్సస్‌లో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, మన లెక్కలో దాదాపు మైనస్ 19. రాష్ట్రంలో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. హీటర్ల ఫ్యాన్లు తిరగవు, పైపులు పగిలిపోతున్నాయి, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. టెన్షన్‌తో ఎవరికీ నిద్ర లేదు.

మా పొయ్యి గ్యాస్‌ది, అగ్గిపుల్లతో వెలిగించే వీలుంది. పెద్దాయన ఇంట్లో అన్నీ ఎలక్ట్రిక్‌వి. అప్పటికి ఆయన భార్య పోయి కొన్నేళ్ళయింది, కర్ర లేకుండా నడవలేకపోతున్నారు. మావారు వెళ్ళి, మంచులో చెయ్యిపట్టుకుని తీసుకొచ్చారు. వెనకే ఎదురింటి కుర్ర జంట, చంకలో పసిబిడ్డతో.

ఫ్రీజర్‌లో ఉన్న మేకమాంసం ఎలాగూ కరిగిపోతుంది. కాయలున్నాయి. కరెంటు లేదు కాబట్టి మిక్సీ లేదు. నానిన కాయల్ని పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని రాతి రోట్లో నూరారు, వణికే చేతులతో, గుజ్జు మెత్తబడేదాకా. నేను నూరుతానంటే ఇవ్వలేదు. కుండ పొయ్యెక్కాక వంటింటి కిటికీ రెండు వేళ్ళ సందు తెరిపించారు. అంత చలిలో ఎందుకని కుర్రాడు అడిగితే, మూసిన ఇంట్లో గ్యాస్ మంట ఎక్కువసేపు ఉంటే ప్రాణం మీదికి వస్తుంది, పొయ్యితో వండుకోవాలి తప్ప ఇల్లు వెచ్చబెట్టుకోకూడదని చెప్పారు. దించగానే పొయ్యి ఆర్పించారు కూడా.

కొవ్వొత్తుల వెలుగులో మూడిళ్ళ వాళ్ళం ఒకే కుండలోంచి తిన్నాం. రెండు చేతులతో గిన్నె పట్టుకుని, ముందు ఆ వేడి చేతులకి పట్టనిచ్చి, ఆ తర్వాత నోటికి. పసిబిడ్డ తల్లి తింటూ తింటూ ఏడ్చేసింది, బిడ్డని నా ఒళ్ళోకి తీసుకున్నాను.

మిగిలినది మూతపెట్టి వెనక వరండాలో పెట్టాం, ఫ్రిజ్ అవసరం ఏముంది. పొద్దున చూస్తే పైన నారింజ రంగు కొవ్వు గడ్డకట్టి ఉంది. దాన్ని అలాగే కలిపి వేడిచేశాను. చిల్లీ రెండోరోజే రుచి అని ఆయన ఎప్పుడూ అనేవారు. మిరప, జీలకర్ర ముక్కలోకి ఇంకి, ముందురోజు విడివిడిగా తెలిసిన రుచులన్నీ ఒకటైపోతాయి.

ఇల్లు అమ్మేసి హైదరాబాద్ వచ్చేసేటప్పుడు ఆయన తన రోలు ఇవ్వబోయారు. అంత బరువు విమానంలో కష్టమని, అది మీ అమ్మాయికి ఉండాలని చెప్పి తీసుకోలేదు. ఇప్పుడు అది ఆవిడ దగ్గరే ఉందట. అరపేజీలో ఆ మాట కూడా రాశాను, జీలకర్ర అందులోనే దంచమని.

ఇప్పుడు

ఇక్కడ హైదరాబాద్‌లో యాంచోలు తేలిగ్గా దొరకవు. రంగు కోసం బ్యాడగీ మిరపకాయలు వాడతాను, కారానికి గుంటూరువి. ఆ ఎండుద్రాక్ష వాసన మాత్రం దేనికీ రాదు. జనవరిలో నాలుగు రోజులు చలి పడితే మేమిద్దరం చేసుకుంటాం. ఇద్దరికి చిన్న కుండ చాలు, కానీ చిన్న కుండలో అంతసేపు ఉడికిస్తే అడుగంటుతుంది. అందుకని పెద్దదే పెట్టి పై ఫ్లాట్ వాళ్ళకీ, వాచ్‌మన్ ఇంటికీ పంపుతాను.

అమ్మాయి ఆస్టిన్‌లో ఉంటుంది, పెద్దాయన పద్ధతి అక్షరం తప్పదు. అబ్బాయికి సిన్సినాటీలో ఉద్యోగం. అక్కడి చిల్లీ ఇంకో రకం. 1920లలో మాసిడోనియా నుంచి వచ్చిన అన్నదమ్ములు మొదలుపెట్టారట. దాల్చినచెక్క వేసి, పల్చగా వండి, స్పగెట్టీ మీద పోసి, పైన చీజ్ కుప్పగా పోస్తారు. కావాలంటే బీన్స్ కూడా. వాడికి అది బాగా నచ్చింది, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అమ్మాయి అప్పటికప్పుడు ఫోన్ చేసింది, "అమ్మా, వాడు తాత చిల్లీని నూడుల్స్ మీద పోసుకుని తింటున్నాడు, నువ్వేం అనవా?" అని.

పెద్దాయన పోయారని తెలిసిన రోజు ఇద్దరూ ఒకే కాల్‌లోకి వచ్చారు. చాలాసేపు ఎవరూ పెట్టెయ్యలేదు. డిసెంబర్‌లో ఇద్దరూ ఇక్కడికి వస్తున్నారు. యాంచోలు, మాసా పిండి అమ్మాయి తెస్తానంది. అబ్బాయి స్పగెట్టీ తెస్తానంటే ఇంట్లోకి రానివ్వనంది. "దెబ్బలాడుకోకండర్రా, రెండు కుండలు పెడతాను" అన్నాను.

"రెండోదాంట్లో రాజ్మా వెయ్యి అమ్మా, నానమ్మకి వేసినట్టు" అన్నాడు వాడు.

"వేస్తాను. నానబెట్టడం, పది నిమిషాలు మరగబెట్టడం నీ పని" అన్నాను.